మీకు తెలుసా? చెవికి కొలిచి చేసే ఇయర్‌ఫోన్ల సంగతులు

రెండు వేలకు దొరికే ఇయర్‌ఫోన్లున్నాయి, లక్షన్నర పెడితే గానీ చేతికి రాని ఇయర్‌ఫోన్లూ ఉన్నాయి. రెండూ చెవి రంధ్రంలోకి దూర్చుకునేవే. వీటిలో మొదటి రకం యూనివర్సల్. పెట్టెలో వచ్చే చిన్న, మధ్య, పెద్ద సైజు టిప్పుల్లో ఏదో ఒకటి తగిలించుకుంటే చాలామందికి పట్టేస్తుంది. రెండోది కస్టమ్. మీ చెవి అచ్చు తీసి, మీ ఒక్కరి కోసమే పోస్తారు. రెడీమేడ్ చొక్కాకూ, దర్జీకి కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాకూ ఉన్న తేడా లాంటిదే ఇది. కుట్టించుకున్నది ఒంటికి చక్కగా నప్పుతుంది. గుడ్డ మంచిదా కాదా అన్నది వేరే లెక్క. ఇయర్‌ఫోన్లు కొనేవాళ్లు తికమక పడేది సరిగ్గా ఇక్కడే.

డ్రమ్ముల పక్కన పుట్టింది

ఒకప్పుడు వేదిక మీద పాడేవాళ్లకు తమ పాట తమకు వినిపించాలంటే కాళ్ల దగ్గర ఏటవాలుగా పెట్టిన స్పీకర్లే దిక్కు. మన ఊళ్లలో పెళ్లి ఆర్కెస్ట్రా వేదికల మీద ఇప్పటికీ కనిపించేవి అవే. రాక్ కచేరీల్లో డ్రమ్ముల హోరును మించి ఆ స్పీకర్ వినపడాలంటే దాని మోత ఇంకా పెంచాలి. దాన్ని మించాలని గిటారు వాళ్లు తమది పెంచుతారు. ఈ పోటీకి అంతు ఉండదు. ఈ చిక్కును తప్పించాలనే, అమెరికా బ్యాండ్ వాన్ హేలెన్‌కు మానిటర్ ఇంజనీరుగా (వేదిక మీది వాళ్లకు వినిపించే శబ్దాన్ని చూసుకునేవాడిగా) పనిచేసిన జెర్రీ హార్వీ, ఆ బ్యాండ్ డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ కోసం చెవి అచ్చుతో ఇయర్‌ఫోన్లు చేసి ఇచ్చాడు. 1995లో మొదలైన అల్టిమేట్ ఇయర్స్ కంపెనీకి అదే పునాది. 2008లో లాజిటెక్ దాన్ని 3.4 కోట్ల డాలర్లకు కొనేసింది. అప్పటికే బయటికొచ్చిన హార్వీ, జేహెచ్ ఆడియో పేరుతో ఇంకో కంపెనీ పెట్టుకున్నాడు.

లోపలి స్పీకరు వినికిడి యంత్రాలది

ఖరీదైన ఇన్-ఇయర్లలో (చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లలో) ఎక్కువగా కనిపించే స్పీకరును బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అంటారు. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా ఉండే లోహపు డబ్బీ అది. అందులో రెండు అయస్కాంతాల నడుమ సన్నని లోహపు రేకు ఊగుతుంది. ఆ ఊపు చిన్న కడ్డీ గుండా పల్చని పొరకు చేరి ధ్వని అవుతుంది. తక్కువ కరెంటుతో, తక్కువ చోటులో పని జరుగుతుంది కాబట్టి వినికిడి యంత్రాల వాళ్లు ఏనాడో దీన్ని వాడుకలోకి తెచ్చారు. 1946లో మొదలైన అమెరికా కంపెనీ నోల్స్ వీటికి పెట్టింది పేరు. మీడ్ కిలియన్ అనే పరిశోధకుడు 1983లో స్థాపించిన ఎటిమోటిక్ రీసెర్చ్ సంస్థ 1991లో ఈఆర్-4 అనే ఇయర్‌ఫోన్ తెచ్చింది. సంగీతం నాణ్యంగా వినడానికి చెవి లోపలి దాకా దూర్చుకునే ఇయర్‌ఫోన్లలో తొలినాటిది అదే. అది యూనివర్సల్ రకం. మూడు అంచుల రబ్బరు టిప్పే దాని గుర్తు. అంటే నాణ్యమైన ధ్వని ఇవ్వడానికి చెవి అచ్చు తప్పనిసరి కాదని 1991లోనే తేలిపోయింది.

మీ కుడి చెవికీ ఎడమ చెవికీ పొంతన లేదు

అల్ఫ్రెడ్ ఇయానరెల్లి అనే అమెరికన్ 10,000 చెవులను పరిశీలించి, ఏ రెండూ ఒకేలా లేవని చెప్పాడు. వేలిముద్రల్లాగే చెవిని బట్టీ మనిషిని గుర్తుపట్టవచ్చన్నది ఆయన వాదం. ఒకే మనిషి రెండు చెవుల మధ్య కూడా తేడాలుంటాయి. డిప్పలోనే కాదు, లోపలి రంధ్రంలోనూ ఉంటాయి. ఒక చెవికి మధ్య సైజు టిప్పు, రెండో చెవికి పెద్ద సైజు టిప్పు పట్టడం అందుకే చాలా మామూలు సంగతి. పెట్టెలోంచి తీసిన జతను తీసినట్టే రెండు చెవుల్లో పెట్టుకుని, ఒకవైపు బాగా వినపడటం లేదని ఇయర్‌ఫోన్‌ను తిట్టుకునేవాళ్లు ముందు ఆ వైపు టిప్పు మార్చి చూడాలి.

చెవి గొట్టమూ పాటలో పాలుపంచుకుంటుంది

పెద్దవాళ్లలో చెవి రంధ్రం సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవుంటుంది. బయటి కొస తెరిచి ఉంటుంది, లోపలి కొసను కర్ణభేరి మూస్తుంది. ఇలాంటి గొట్టం తన పొడవుకు తగ్గ స్వరాన్ని పెంచి పలుకుతుంది. మన చెవి 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనులను 10 డెసిబెల్స్‌కు పైగా పెంచి లోపలికి పంపుతుంది. పుట్టింది మొదలు మన మెదడుకు అలవాటైన వినికిడి ఇదే.

ఇయర్‌ఫోన్ దూర్చగానే బయటి కొస మూసుకుపోయి, ఆ సహజమైన పెంపు కాస్తా పోతుంది. దాన్ని ఇయర్‌ఫోనే తిరిగి ఇవ్వాలి. మంచి ఇన్-ఇయర్ల ధ్వని గ్రాఫులో 3,000 దగ్గర గుట్టలాంటి ఎత్తు కనిపించేది ఇందుకే. దానికి తోడు, రెండు కొసలూ మూసిన గొట్టంలో కొత్త ఎత్తు ఒకటి పుడుతుంది. కర్ణభేరికీ ఇయర్‌ఫోన్‌కూ నడుమ సుమారు 2 సెంటీమీటర్లు మిగిలితే అది 8,000 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. ఇంకాస్త లోపలికి దూరిస్తే ఇంకా పైకి జరుగుతుంది. ఒకే ఇయర్‌ఫోన్ ఒకరికి తియ్యగా, ఇంకొకరికి 'స' అక్షరం దగ్గర కీచుమన్నట్టు వినపడటానికి ఒక కారణం ఇదే. కస్టమ్‌లో ఈ లోతు ప్రతిసారీ ఒక్కటే. యూనివర్సల్‌లో టిప్పును బట్టి, దూర్చిన తీరును బట్టి మారుతూ ఉంటుంది.

వెంట్రుకంత సందు చాలు, బేస్ మాయం

తబలా బాయాలో గుమ్మనే మోత, సినిమా పాటలో బేస్ గిటారు తక్కువ ఫ్రీక్వెన్సీ ధ్వనులు. చెవిలో బందీ అయిన కాస్తంత గాలిని నొక్కి వదలడం ద్వారానే ఇన్-ఇయర్ వాటిని పలికిస్తుంది. టిప్పు పక్కన చిన్న సందు ఉన్నా ఆ గాలి ఒత్తిడి బయటికి జారిపోతుంది. పాట పలచబడి, గొంతు ఒక్కటే పైకి తేలి, గరగరలాడుతుంది. నూరు రూపాయల టిప్పు సరిగా కూర్చోకపోతే లక్ష రూపాయల ఇయర్‌ఫోన్ కూడా ఇలాగే పలుకుతుంది.

పరీక్ష సులువు. బేస్ బాగా ఉన్న పాట పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి అదమండి. అదమగానే బేస్ పెరిగితే అప్పటిదాకా సందు ఉన్నట్టే. ఏమీ మారకపోతే టిప్పు సరిగ్గా కూర్చున్నట్టు.

అచ్చు తీయించుకోవడం ఇలా ఉంటుంది

కస్టమ్ కావాలంటే ముందు ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి. వినికిడి యంత్రాలకు ఇయర్ మోల్డ్ చేసే కేంద్రాలన్నింటా ఉండే పనితనమే ఇది. మన జిల్లా కేంద్రాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి.

ముందుగా చిన్న లైటున్న గొట్టంతో చెవి లోపలికి చూస్తారు. గులిమి పేరుకుని ఉంటే అది తీయించుకుని రమ్మంటారు. తర్వాత దారం కట్టిన చిన్న దూది ఉండనో, ఫోమ్ ముక్కనో చెవి రంధ్రంలోని రెండో మలుపు దాటేదాకా మెల్లగా తోస్తారు. కర్ణభేరికి అడ్డుగోడ అదే. ఆ వెంటనే రెండు సిలికాన్ పదార్థాలను కలిపి, సిరంజితో లోపలి నుంచి బయటికి నింపుకుంటూ వస్తారు. చల్లగా తగులుతుంది. ఒక్కసారిగా గది శబ్దాలన్నీ దూరమైపోతాయి, మన ఊపిరి మనకే పెద్దగా వినపడుతుంది. 5 నిమిషాలు అటూ ఇటూగా అది గట్టిపడుతుంది. డిప్పను కాస్త వెనక్కి లాగి గాలి ఆడనిచ్చి, అచ్చును మెల్లగా తిప్పుతూ బయటికి తీస్తారు. చేతిలోకి వచ్చాక చూస్తే, మన చెవిలో ఇన్ని వంకరలున్నాయా అనిపిస్తుంది.

ఇంట్లోనే చేసుకునే కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఆ జోలికి పోకపోవడం మంచిది. అడ్డు పెట్టిన ఉండ సరైన చోట లేకపోతే సిలికాన్ నేరుగా కర్ణభేరి మీదికి పోతుంది. కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లు, చెవి ఆపరేషన్ అయినవాళ్లు ముందుగా ఈఎన్‌టీ డాక్టరును అడగాలి.

నోరు తెరిచి కూర్చోమనేది ఇందుకే

అచ్చు తీసేటప్పుడు పళ్ల మధ్య చిన్న దిమ్మె పెట్టి, నోరు తెరిచి ఉంచమని చాలా కంపెనీలు అడుగుతాయి. చెవి రంధ్రానికి ముందువైపు ఆనుకునే దవడ కీలు ఉంటుంది. నోరు తెరిస్తే రంధ్రం ఆకారం కొద్దిగా మారుతుంది. నోరు మూసి తీసిన అచ్చుతో చేసిన ఇయర్‌ఫోన్ ఊరికే వినేటప్పుడు బాగానే ఉండి, గాయకుడు నోరు బార్లా తెరిచి పై స్థాయి అందుకోగానే సందు పడి బేస్ పోవచ్చు. గట్టి అక్రిలిక్ షెల్, అంటే పైతొడుగు, చెవితో పాటు వంగదు కదా. మెత్తని సిలికాన్‌తో కస్టమ్‌లు చేసే కంపెనీలు ఈ చిక్కును తప్పించాలని చూస్తాయి. అచ్చు తీయించుకునే ముందు కంపెనీ వాళ్ల సూచనల కాగితం ఆడియాలజిస్ట్‌కు చూపించాలి. నోరు ఎంత తెరవాలి, అచ్చు ఎంత లోపలిదాకా రావాలి అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు.

అచ్చు నుంచి షెల్ దాకా

వచ్చిన అచ్చును స్కానర్ కింద పెడతారు. కంప్యూటర్‌లో దాని అంచులు నునుపు చేసి, డ్రైవర్లకు, అంటే చిన్న స్పీకర్లకు, లోపల చోటు కేటాయించి, అతినీల లోహిత కాంతికి గట్టిపడే రెసిన్‌తో 3డీ ప్రింట్ తీస్తారు. వినికిడి యంత్రాల పరిశ్రమ ముందే నడిచిన బాట ఇది. ఆ తర్వాతదంతా చేతిపనే. సూక్ష్మదర్శిని కింద పెట్టి సన్నని గొట్టాలు అతికించడం, వెంట్రుకంత తీగలు టంకం వేయడం, ఫిల్టర్లు అమర్చడం, పైమూత వేసి పాలిష్ పట్టడం. ఒక్కో జత ఒక్కో మనిషికి విడిగా చేయాల్సిందే. ధరలో పెద్ద వాటా ఈ పనిదే. రోజుల్లో అయ్యేది కాదు, వారాలు పడుతుంది.

బయటి శబ్దాన్ని ఆపడంలో ఫోమ్ తీసిపోదు

కస్టమ్ అయితే బయటి శబ్దం అసలు లోపలికి రాదని చాలామంది అనుకుంటారు. పేరున్న కంపెనీలు తమ అక్రిలిక్ కస్టమ్‌లు బయటి శబ్దాన్ని 26 డెసిబెల్స్ తగ్గిస్తాయని చెబుతాయి. షూర్ కంపెనీ ఫోమ్ టిప్పులున్న తన యూనివర్సల్ ఎస్ఈ215కు చెప్పుకునే అంకె 37 డెసిబెల్స్ దాకా. ఇవి కంపెనీలు తమకు తాముగా ఇచ్చే గరిష్ఠ అంకెలు, కొలిచే పద్ధతులూ వేరు. కాబట్టి 11 డెసిబెల్స్ తేడా నికరంగా ఉందని లెక్క కట్టనక్కర్లేదు. అయినా కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ఫోమ్ టిప్ చెవిలోకి వెళ్లాక ఉబ్బి, రంధ్రం ఎలా ఉంటే అలా నిండుతుంది. గట్టి ప్లాస్టిక్ అలా ఉబ్బదు.

కానీ ఫోమ్‌ను సరిగా పెట్టుకోవడం వచ్చి ఉండాలి. వేళ్ల మధ్య నలిపి సన్నగా చేయాలి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి డిప్పను పైకీ వెనక్కీ లాగాలి. అప్పుడు రంధ్రం వంపు తిన్నగా అవుతుంది. లోపలికి తోసి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. కస్టమ్‌లో ఈ తతంగమేమీ ఉండదు. మెలితిప్పి పెట్టుకుంటే చాలు, రోజుకు పదిసార్లు తీసి పెట్టుకున్నా అదే పట్టు. వేదిక మీద చెమటలో, ఎగరడంలో విలువైనది ఈ నిలకడే.

12 డ్రైవర్లు గొప్పా, 1 గొప్పా?

జేహెచ్ ఆడియో వాళ్ల రాక్సాన్‌లో ఒక్కో చెవికి 12 డ్రైవర్లు. సెన్‌హైజర్ 2021లో తెచ్చిన ఐఈ 900లో ఒక్కో చెవికి 7 మిల్లీమీటర్ల డ్రైవర్ ఒక్కటంటే ఒక్కటే. విడుదలప్పుడు దాని ధర సుమారు 1,300 డాలర్లు. రెండింటికీ మెచ్చుకునేవాళ్లున్నారు. డ్రైవర్లు పెరిగితే బేస్‌కు కొన్ని, గొంతుకు కొన్ని, తాళాల మెరుపుకు కొన్ని అని పని పంచవచ్చు. పంచిన పనిని మళ్లీ అతుకు కనపడకుండా కలపడమే కష్టం. అది ఇంజనీరు చేతి నేర్పు. పెట్టె మీద పెద్దక్షరాల్లో వేసే డ్రైవర్ల లెక్క చూసి ధ్వని ఎలా ఉంటుందో చెప్పలేం.

ధరకూ ధ్వనికీ లంకె దొరకలేదు

యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 2017లో 283 హెడ్‌ఫోన్ల కొలతలను వాటి ధరలతో పోల్చి చూశాడు. వీటిలో చెవిలో దూర్చేవీ, చెవి మీద పెట్టుకునేవీ, చెవి చుట్టూ మూసేవీ అన్నీ ఉన్నాయి. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ధ్వని వస్తుందన్న కొలతకూ, ధరకూ సంబంధమేమీ కనిపించలేదు. ధర పెరిగితే తయారీ నాణ్యత, కేబుల్, మన్నిక, పెట్టుకుంటే హాయి వీటిలో ఏవో మెరుగుపడి ఉండొచ్చు. ధర చూసి ధ్వని మాత్రం చెప్పలేమన్నది ఆ పరిశోధన సారం.

20 డాలర్ల పోటీ

ఈ మాటకు బజారులోనే సాక్ష్యం ఉంది. 2022లో చైనా కంపెనీలు తెచ్చిన మూన్‌డ్రాప్ చూ, 7హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో సుమారు 20 డాలర్లకే వచ్చాయి. పరిశోధకులు శ్రోతల ఇష్టాలను పరీక్షించి గీసిన ధ్వని రేఖలకు దగ్గరగా వీటిని ట్యూన్ చేశారు. అంతకు కొన్నేళ్ల ముందు ఆ ట్యూనింగ్ కోసం ఎన్నో రెట్లు ఖర్చు పెట్టాల్సి వచ్చేది. దీనికి పక్కనే ఇంకో ధర చూడండి. అల్టిమేట్ ఇయర్స్ 2015లో హాలీవుడ్‌లోని క్యాపిటల్ స్టూడియోస్‌తో కలిసి చేసిన రిఫరెన్స్ రీమాస్టర్డ్ కస్టమ్ ఖరీదు అప్పట్లో 999 డాలర్లు. ఆ కస్టమ్‌కు పెట్టే డబ్బుతో 20 డాలర్లవి దాదాపు 50 జతలు వస్తాయి. పాట 50 రెట్లు బాగా వినపడుతుందా అంటే అవునని ఎవరూ అనరు.

లోపల ఒక్కటే, ఒళ్లు రెండు

కొన్ని కంపెనీలు ఒకే డ్రైవర్ల అమరికను రెండు రూపాల్లోనూ అమ్ముతాయి. 64 ఆడియో వాళ్ల యూ12టీ యూనివర్సల్, ఏ12టీ కస్టమ్. రెండిట్లోనూ ఒక్కో చెవికి 12 డ్రైవర్లు, రెండూ 1,999 డాలర్లకే బజారుకొచ్చాయి. కస్టమ్ అనగానే లోపలి సరుకు మేలు రకమైపోదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇక్కడే కొనేవాళ్లకు ఒక ఇరకాటం కూడా ఉంది. కస్టమ్‌ను కొనే ముందు విని చూడలేం, ఎందుకంటే అది ఇంకా పుట్టలేదు. దుకాణాల్లో వినిపించేది దాని యూనివర్సల్ నమూనాను. ధ్వని గొట్టం పొడవు, చెవిలో లోతు మారతాయి కాబట్టి అచ్చుతో చేసినది చేతికొచ్చాక బేస్, ట్రెబుల్ కాస్త అటూ ఇటూ కావచ్చు. సాధారణంగా మెరుగ్గానే ఉంటుంది. కానీ నమూనాలో అస్సలు నచ్చని ధ్వని కస్టమ్ చేయించుకుంటే నచ్చుతుందని ఆశ పెట్టుకోకూడదు.

అమ్ముకోవాలంటే

మంచి యూనివర్సల్‌ను కొన్నాళ్లు వాడి, టిప్పులు మార్చి అమ్మేయవచ్చు. కొనేవాళ్లుంటారు. కస్టమ్ మీ చెవికి తప్ప ఇంకెవరికీ పట్టదు. డ్రైవర్లను బయటికి తీసి కొత్త షెల్‌లో పెట్టే 'రీషెల్' పని కొన్ని కంపెనీలు చేస్తాయి, దానికి మళ్లీ ఖర్చు. పైగా చెవి కూడా ఉన్నట్టే ఉండదు. బరువు బాగా పెరిగినా తగ్గినా, వయసు మీద పడినా రంధ్రం ఆకారం మారుతుంది. నాలుగైదేళ్ల తర్వాత పట్టు వదులైందని మళ్లీ అచ్చు ఇచ్చేవాళ్లు చాలామంది. ఎదిగే పిల్లలకు కస్టమ్ చేయించడం డబ్బు దండగ.

బిల్లులో కనపడని ఖర్చులు

విదేశీ కస్టమ్‌కు జాబితా ధర ఒక్కటే లెక్కేసుకుంటే పొరపాటు. అచ్చు తీసినందుకు ఆడియాలజిస్ట్ ఫీజు, అచ్చులు పంపే కొరియర్, సరుకు వచ్చేటప్పుడు రవాణా, కస్టమ్స్ సుంకం, పన్నులు అన్నీ కలుపుకోవాలి. మొదటిసారికే పట్టు కుదరకపోతే రీఫిట్ చేయించాలి. చాలా కంపెనీలు మొదటి కొన్ని వారాల్లో రీఫిట్ ఉచితంగా చేస్తాయి గానీ, రానూ పోనూ రవాణా, సుంకం గొడవ మనకే. అందుకే మన దేశంలో సేవా కేంద్రం ఉందా, రీఫిట్ గడువు ఎన్ని రోజులు అన్నవి డ్రైవర్ల లెక్క కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు.

మధ్యే మార్గం ఉంది

ఉన్న యూనివర్సల్‌కే మీ చెవి అచ్చుతో మెత్తని సిలికాన్ టిప్పులు చేయించుకోవచ్చు. వీటిని కస్టమ్ టిప్స్ అంటారు. కస్టమ్ ఇయర్‌ఫోన్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. టిప్పు తగిలించే మొన (నాజిల్) సైజు ఒకటే అయితే ఇయర్‌ఫోన్ మార్చినా టిప్పులు పనికొస్తాయి. అయితే ధ్వని రంధ్రం కొలత మారడం వల్ల ట్రెబుల్‌లో తేడా రావచ్చు. అల్టిమేట్ ఇయర్స్ 2020లో ఇంకో దారి చూపింది. యూఈ ఫిట్స్ అనే వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ (అప్పటి ధర 249 డాలర్లు) టిప్పులో జెల్ ఉండేది. చెవిలో పెట్టుకుని ఫోన్‌లో మీట నొక్కితే లోపలి దీపాలు వెలిగి, 60 సెకన్లలో ఆ జెల్ చెవి ఆకారంలో గట్టిపడేది. డాక్టరు లేడు, సిరంజి లేదు.

మీ గొంతు మీకే గుంయ్‌మంటే

చెవి మూసుకుని మాట్లాడితే మన గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. గొంతు అదురు ఎముకల గుండా చెవి రంధ్రం బయటి భాగంలోని మెత్తని గోడలకు చేరుతుంది. చెవి తెరిచి ఉంటే ఆ అదురు బయటికి పోతుంది. మూస్తే లోపలే పోగవుతుంది. ఇయర్‌ఫోన్ లోపలి ఎముక భాగం దాకా వెళ్లి మూసుకుంటే ఈ మోత తగ్గుతుంది. కొత్తగా కస్టమ్ పెట్టుకున్న గాయకులకు దీనికి అలవాటు పడటానికి కొంత కాలం పడుతుంది.

విసుగొచ్చి కొందరు ఒక చెవిది తీసేసి పాడతారు, జనం చప్పట్లు కూడా వినపడతాయని. తీసిన చెవిలోకి వేదిక హోరు దూసుకొస్తుంది, దాన్ని మించాలని రెండో చెవిలో వాల్యూమ్ పెంచుతారు. రెండు చెవులకూ చేటే. జనం వైపు రెండు మైకులు పెట్టి ఆ సందడిని ఇయర్‌ఫోన్‌లోకే కలపడం సౌండ్ ఇంజనీర్లు చేసే పద్ధతి.

గులిమే అసలు శత్రువు

ఒకవైపు శబ్దం తగ్గిందంటే డ్రైవర్ పోయిందని కంగారు పడకండి. ముందు నాజిల్ జాలీ చూడండి, చాలాసార్లు అక్కడ గులిమి పేరుకుని ఉంటుంది. యూనివర్సల్‌లో టిప్పు మార్చి, జాలీని మెత్తని పొడి బ్రష్‌తో శుభ్రం చేస్తే సరిపోతుంది. కస్టమ్‌లో ధ్వని రంధ్రాలు నేరుగా చెవిలోకి తెరుచుకుంటాయి కాబట్టి గులిమి గొట్టంలోకే దిగుతుంది. తీగ చుట్టలాంటి చిన్న పనిముట్టు దానితో పాటే ఇస్తారు. ఇయర్‌ఫోన్ రంధ్రాలు కిందికి ఉండేలా పట్టుకుని తీయాలి, లేదంటే ముక్క ఇంకా లోపలికి పోతుంది. మన తీరప్రాంతపు ఉక్కపోతలో వాడినవాటిని చెమట తుడిచి, డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టడం మేలు.

డబ్బుతో కొలవలేని లాభం

బయటి హోరు తగ్గితే పాటను తక్కువ వాల్యూమ్‌లో వినొచ్చు. మంచి పట్టు ఉన్న ఏ ఇన్-ఇయర్‌లోనైనా దక్కే అసలు మేలు ఇదే, కస్టమ్ అయినా ఫోమ్ టిప్ అయినా. అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెంపుకూ ఆ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ఇంకా జాగ్రత్తగా, వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ అంటుంది. బస్సులో, మెట్రోలో వదులు ఇయర్‌బడ్స్‌తో ఇంజను మోతను మించాలని వాల్యూమ్ పెంచేవాళ్లు తెలియకుండానే ఈ గీత దాటేస్తారు. అయితే పట్టు బాగున్నా వాల్యూమ్ పాత అలవాటు ప్రకారమే పెడితే ప్రయోజనం సున్నా.

ఇంతకీ ఎవరికి ఏది?

ఫోన్‌లో పాటలు, సినిమాలు, ప్రయాణాల్లో వినడం మీ అవసరమైతే 2,000 నుంచి 5,000 రూపాయల మధ్య మంచి ట్యూనింగ్ ఉన్న యూనివర్సల్ కొని, ఇంకో ఐదారు వందలు రకరకాల టిప్పుల మీద పెట్టండి. ధ్వనిలో అందే మెరుగులో పెద్ద భాగం అక్కడే వచ్చేస్తుంది. సంగీతం మీద మక్కువతో ఖరీదైనది కావాలనుకుంటే అప్పుడూ యూనివర్సలే నయం. విని కొనవచ్చు, నచ్చకపోతే అమ్మవచ్చు.

ఏ టిప్పూ నిలవని చెవులున్నవాళ్లు, గంటసేపటికే రబ్బరు వల్ల నొప్పి పుట్టేవాళ్లు ముందుగా కస్టమ్ టిప్స్ వాడి చూడాలి. అవి కుదిరితే డబ్బు మిగిలినట్టే. వారానికి మూడు నాలుగు కచేరీలు చేసే గాయకులు, డ్రమ్మర్లు, కీబోర్డు వాయించేవాళ్లు, రోజంతా చెవిలో పెట్టుకుని పనిచేసే సౌండ్ ఇంజనీర్లు మాత్రం పూర్తి కస్టమ్‌కు పెట్టిన ప్రతి రూపాయినీ వాడుకుంటారు. పాట మధ్యలో ఊడిపోకపోవడం, నాలుగు గంటలైనా నొప్పి లేకపోవడం, ప్రతి రాత్రీ ఒకే ధ్వని వాళ్ల పనికి కావాల్సినవి. కస్టమ్ అమ్మేది అదే. మిగతా వాళ్లు ఆ లక్ష రూపాయల ఆలోచన చేసే ముందు ఇంట్లో ఉన్న ఇయర్‌ఫోన్‌కు ఒక సైజు పెద్ద టిప్పు తగిలించి, అదే పాట మళ్లీ విని చూడండి.